నొక్కుతూ చదివే కథ ఇంటరాక్టివ్ ఫిక్షన్ కాదా?

మూడోమలుపు
ఆరు నెలలు కూర్చుని, లింకులతో కథలు అల్లే సాధనం ట్వైన్‌లో ఒక కథ రాశాను. 120 భాగాలు, 7 ముగింపులు. తండ్రి పోయాక ఆయన ఉన్న ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన కూతురి కథ. ఒక్కో గదిలో ఏ వస్తువు ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో చదివేవాళ్ళే తేల్చాలి. ఇంటరాక్టివ్ ఫిక్షన్, అంటే చదివేవాళ్ళ చర్యలతో నడిచే కథ, అని చెప్పి నలుగురి ముందు పెట్టాను. వచ్చిన మొదటి మాట ఇది: "బాగా రాశారు, కానీ ఇది ఇంటరాక్టివ్ ఫిక్షన్ కాదు. టైపు చేసేది లేదు, విప్పాల్సిన చిక్కుముడి లేదు. లింకులున్న కథ, అంతే." ఆ తర్వాత వచ్చిన పదకొండు స్పందనలూ దాని మీదే. ఆ కూతురి గురించి గానీ ఆ ఇంటి గురించి గానీ ఒక్కరూ మాట్లాడలేదు. బాధగా ఉంది. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. నొక్కుతూ చదివే కథ ఈ పేరుకు తగదా? తగకపోతే ఏమని పిలవాలి?

నాలుగోదారి
తగుతుంది. ఈ గొడవ కొన్నాళ్ళు సద్దుమణిగి మళ్ళీ మొలుస్తుంది. మొలిచినప్పుడల్లా ఎవరో ఒక కొత్త రచయిత మనసు నొచ్చుకుంటారు.

పాతదీపం
ఆ స్పందన నాది కాదు, కానీ ఆ వాదన నాది కూడా. కథను తక్కువ చేయడానికి చెప్పడం లేదు, దయచేసి అలా తీసుకోకండి.

ఈ ప్రక్రియ ఎక్కడ పుట్టిందో చూడండి. గుహల్లో తిరిగే అలవాటున్న ప్రోగ్రామర్ విల్ క్రౌథర్ 1975-76 ప్రాంతంలో, కెంటకీలోని మామత్ గుహల వ్యవస్థను తలచుకుంటూ ఒక ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. తెర మీద ఒక చోటును వర్ణించే నాలుగు వాక్యాలు, కింద ఖాళీగా ఒక గీత. ఏం చేయవచ్చో ఎవరూ చెప్పరు. రెండు మాటలు టైపు చేస్తే ఆ ప్రపంచం బదులిస్తుంది. ఆ ఖాళీ గీతే ఈ కళకు ప్రాణం. తలుపు కనబడగానే తెరవాలని నాకు తట్టడం వేరు, "తలుపు తెరువు" అని ముందే రాసిపెట్టిన దాన్ని వేలితో తాకడం వేరు. మొదటిదానిలో ఆలోచన నాది. రెండోదానిలో రచయిత ఆలోచనల్లో ఒకటి ఏరుకుంటున్నాను. రెండింటికీ ఒకే పేరు పెడితే మొదటిది కోరి వచ్చేవాళ్ళకు దారి తెలియకుండా పోతుంది.

నాలుగోదారి
పాతదీపం గారూ, ఆ ఖాళీ గీత ముందు నేను ఎక్కువగా చేసిన పని సరైన క్రియాపదం కోసం వెతుక్కోవడం. "వెలిగించు" అంటే అర్థం కాలేదంటుంది, "అంటించు" అంటే వెలుగుతుంది. అందులో ఆలోచన ఎక్కడుంది? రచయిత మనసులో ఏ మాట ఉందో ఊహించడమే కదా. అదీ ఏరుకోవడమే, జాబితా కనబడకుండా.

పాతదీపం
అది సరిగ్గా రాయని ఆటల లోపం. మంచి రచయిత పర్యాయపదాలన్నీ ముందే పెడతాడు.

పుటలమధ్య
పేరు చరిత్ర కూడా కలుపుకోవాలి. క్రౌథర్ ఆటను అప్పట్లో ఎవరూ ఇంటరాక్టివ్ ఫిక్షన్ అనలేదు. ఆ మాటను జనంలోకి తెచ్చింది ఇన్ఫోకామ్ అనే ఆటల సంస్థ. ఆ సంస్థ 1979లో మొదలైంది. తమవి ఒట్టి ఆటలు కావు, సాహిత్యం అని కొనేవాళ్ళకు చెప్పడానికి ప్రకటనల్లో వాడుకున్నారు. సరిగ్గా అదే 1979లో, "మీరు ఎడమకు వెళితే ఫలానా పుటకు వెళ్ళండి" తరహా పిల్లల పుస్తకాల వరస బాంటమ్ ప్రచురణగా మొదలైంది. టైపు చేసే కథ, పుట తిప్పే కథ దాదాపు ఒకే ఈడువి. ఒకటి పెద్దకొడుకు, రెండోది ఇల్లరికం వచ్చినది అన్నట్టు మాట్లాడటం న్యాయం కాదు.

తాళంచెవి
టైపు సంగతి పక్కన పెడదాం. "విప్పాల్సిన చిక్కుముడి లేదు" అన్న మాటకు నేను జవాబు చెప్పాలి, ఎందుకంటే చిక్కుముళ్ళంటే నాకు ప్రాణం. ఒక్కోసారి వారం రోజులు ఒకే తాళం ముందు కూర్చున్నాను.

ఇలాంటి ఆటలు రాసిన గ్రాహం నెల్సన్ 1995లో ఒక వ్యాసంలో ఈ తరహా ఆటను గళ్ళనుడికట్టుతో యుద్ధం చేస్తున్న కథనంగా వర్ణించాడు. నాకు తెలిసిన వర్ణనల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు. యుద్ధం అన్నాడంటే రెండూ వేర్వేరు అని ఒప్పుకున్నట్టే. గళ్ళనుడికట్టు ఓడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇన్ఫోకామ్ స్వయంగా 1985లో "ఎ మైండ్ ఫరెవర్ వాయేజింగ్" తెచ్చింది. అందులో ఎక్కువ భాగం ఒక ఊరిని దశాబ్దాల తేడాతో చూస్తూ తిరగడమే. చిక్కుముళ్ళు దాదాపు చివర్లోనే వస్తాయి. ఏటా జరిగే ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీలో 1998లో గెలిచిన "ఫొటోపియా"లో విప్పడానికి దాదాపు ఏమీ లేదు. రెండూ టైపు చేసే ఆటలే. అవి ఈ గూటివి కావని అనగలమా? చిక్కుముడిని కొలబద్దగా పెడితే ముందు మన ఇంట్లోవాళ్ళే బయటికి పోతారు.

పాతదీపం
చిక్కుముడి విషయంలో తాళంచెవి గారితో ఏకీభవిస్తున్నాను. నేనెప్పుడూ అది తప్పనిసరి అనలేదు. టైపు చేయడం మాత్రం వదలను.

అక్షరగణితం
పండితులు ఇప్పటికే చాలా దూరం తవ్వారు. 1997లో ఎస్పెన్ ఆర్సెత్ "ఇంటరాక్టివ్" అన్న మాటే పనికిరాదన్నాడు. అన్నిటికీ అతికించేస్తే దానికి అర్థం మిగలదని ఆయన అభ్యంతరం. బదులుగా "ఎర్గోడిక్" అని పెట్టాడు. చదువుతూ పుట తిప్పడానికి మించిన శ్రమ పెడితేనే ముందుకు సాగే రచన అని దాని భావం. ఆ లెక్కన మూడోమలుపు గారి కథ, పాతదీపం గారి గుహ రెండూ ఒకే గొడుగు కిందికి వస్తాయి.

2003లో నిక్ మాంట్‌ఫర్ట్ పుస్తకం వచ్చింది. ఆయన నిర్వచనం పాతదీపం గారికి నచ్చుతుంది: లోపల ఒక ప్రపంచాన్ని నడిపిస్తూ, మామూలు భాషలో టైపు చేసింది అర్థం చేసుకుని, అక్షరాల్లో బదులిచ్చే ప్రోగ్రాము. ఆయనే ఈ ప్రక్రియకు సాహిత్యంలో దగ్గరి పూర్వీకురాలు పొడుపుకథ అంటాడు. తెలుగులో ఆ మాటలోనే కథ ఉండటం నాకు ఎంతో ఇష్టం.

పాతదీపం
నచ్చింది. లోపల నడిచే ప్రపంచం, టైపు చేసే భాష. ఈ రెండూ కావాలి.

తాళంచెవి
రెండూ కావాలంటే మరి ఇది చెప్పండి. యూజీ హోరీ 1983లో చేసిన పోర్టోపియా హత్య కేసు ఆట కంప్యూటర్ల మీద వచ్చినప్పుడు ఆదేశాలు టైపు చేసేవారు. 1985లో అదే ఫామికామ్ అనే ఇంటి ఆటల యంత్రం మీదికి వచ్చేసరికి ఆదేశాలు పట్టికలో కనబడేవి, ఏరుకుంటే సరిపోయేది. అవే పాత్రలు, అదే నేరం. 1983లో ఇంటరాక్టివ్ ఫిక్షన్, 1985లో కాదు అందామా?

అదే పోటీలో 2016లో గెలిచిన "డిటెక్టివ్‌లాండ్" ఇంకా దగ్గరి ఉదాహరణ. టైపు చేయరు, నొక్కుతారు. కానీ లోపల గదులు, సంచిలో వస్తువులు, వాటితో చేయగల పనులు, అచ్చంగా పాత ఆటల పద్ధతి. ఆడుతూ ఉంటే టైపు చేస్తున్నట్టే అనిపించింది నాకు.

చెవితోచదువు
నాకు చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఆడతాను. చాలా ఆటల గడప దగ్గరే నాలాంటివాళ్ళం ఆగిపోతాం, అక్షరాలతో నడిచే ఆటల్లో మాత్రం అందరితో సమానంగా తిరుగుతాం. అందుకే ఈ చర్చ వచ్చినప్పుడల్లా వింటూ ఉంటాను.

టైపు చేసే ఆట నాకు చాలా హాయి. నేను రాసింది ఎక్కడుందో, బదులు ఎక్కడ వస్తుందో తెలుసు. లింకుల కథల్లో కొన్ని అంతే హాయిగా ఉంటాయి. కొన్నిటిలో మాత్రం నొక్కగానే పుట మధ్యలో ఎక్కడో ఒక వాక్యం మారుతుంది. ఏది మారిందో నాకు చెప్పేవారు ఉండరు. అక్షరాలు ఒకటొకటిగా మెల్లగా తేలివచ్చే కథలైతే వాక్యం సగంలో తెగిపోతుంది. మీరంతా ఇది ఆ గూటిదా కాదా అని తేలుస్తున్నారు. నాకు కావలసిన వర్గీకరణ వేరు: టైపు చేయాలా, లింకులా, సమయం మీద నడుస్తుందా, బొమ్మ లేకుండా అర్థమవుతుందా. ఈ నాలుగు చెబితే దాన్ని ఏ పేరుతో పిలిచినా నాకు అభ్యంతరం లేదు.

మూడోమలుపు
చెవితోచదువు గారూ, నా కథలో చివరి భాగం అక్షరాలు మెల్లగా వచ్చేలా పెట్టాను, శోకం నిదానంగా దిగాలని. మీ ఇబ్బంది నాకు తట్టలేదు. ఈ రోజే తీసేస్తాను.

చెవితోచదువు
తీసేయకండి, ఆపుకునే వీలు పెట్టండి. ఆ నిదానం కావలసినవాళ్ళూ ఉంటారు.

విభక్తి
తెలుగులో టైపు చేసే ఆట రాయాలని రెండేళ్ళుగా తంటాలు పడుతున్నవాణ్ణి. పాతదీపం గారి కొలబద్ద మన భాషకు పెడితే ఏమవుతుందో చెబుతాను.

క్రౌథర్ ఆటకు ఇంగ్లీషులో క్రియ ఒకటి, నామం ఒకటి చాలు. మాట రూపం మారదు. మనకు "దీపం తీసుకో", "దీపాన్ని తీసుకో", "దీపమును తీయి" అన్నీ ఒకే పని. దీపం అన్న మాటను పట్టికలో పెట్టి దానికి "ని" చేర్చితే పని జరగదు, లోపల అక్షరమే మారిపోతుంది. ఇల్లు అంటే ఇంట్లో, రాయి అంటే రాతితో, గోరు అంటే గోటితో, నుయ్యి అంటే నూతిలో. ప్రతి వస్తువుకూ ఇలా ప్రత్యయం ముందు మారే రూపాలు, ఔపవిభక్తికాలు, చేత్తో రాసుకున్నాను. "తాళంచెవితో పెట్టె తెరువు" అన్నా, "పెట్టెను తాళంచెవితో తెరువు" అన్నా ఒప్పుకోవాలి, ఎందుకంటే మన వాక్యంలో పదాల వరస అంత గట్టిది కాదు. కొందరు ఖాళీ వదలకుండా "పెట్టెతెరువు" అని కలిపి కొడతారు. కొందరు ఆటను కూడా గౌరవించి "తెరవండి" అంటారు. వాళ్ళకు అర్థం కాలేదని చెప్పడానికి నాకు మనసు రాలేదు, అదీ చేర్చాను.

ఇంకో పెద్ద చిక్కు. ఈ ఆటలు ఎక్కువగా ఆడేవాళ్ళతో నేరుగా మాట్లాడతాయి. "నువ్వు ఒక చీకటి గదిలో ఉన్నావు" అనాలా, "మీరు ఉన్నారు" అనాలా? ఇంగ్లీషులో ఆ ప్రశ్నే లేదు. నువ్వు అంటే ఎవరో దగ్గరివాళ్ళు చెవిలో చెబుతున్నట్టు ఉంటుంది, మీరు అంటే ఎవరో దారి చూపిస్తున్నట్టు ఉంటుంది. కథ స్వరమే మారిపోతుంది. నేను మూడుసార్లు మార్చి చివరికి నువ్వు దగ్గర ఆగాను.

ఇంత పని చేసినా నా ఆటలో ఉన్నవి ఆరు గదులు. టైపు చేస్తేనే ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటే తెలుగులో ఆ పేరు కింద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు. క్రిస్ క్లిమస్ 2009లో ట్వైన్ తెచ్చాక, ప్రోగ్రామింగ్ రానివాళ్ళు కూడా ఏ భాషలోనైనా రాయగలుగుతున్నారు. వాళ్ళని గడప అవతల నిలబెట్టి మనం ఎవరి కోసం ఈ ఇల్లు కాపాడుతున్నట్టు?

పాతదీపం
విభక్తి గారూ, నుయ్యి-నూతి సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. ఆ ఆరు గదులు చూడాలని ఉంది, ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. మీరన్నది వాదనకు జవాబు అవునో కాదో గానీ, నాకు తగిలింది.

పుటలమధ్య
తెలుగు పేరు గురించి ఎవరూ మాట్లాడలేదు. తెలుగులో ఏమందాం? "సంవాద కథ" అంటే పాత్రల మధ్య సంభాషణ అనుకుంటారు. "పరస్పర చర్యా కల్పన" అంటే ఎవరూ దగ్గరికి రారు. నాకు "నడిపే కథ" నచ్చుతుంది. చదివేవాళ్ళు నడుపుతారు, కథ వాళ్ళని నడుపుతుంది.

విభక్తి
"నడిపే కథ" బాగుంది. "ఆడే కథ" అని నేను రాసుకున్నాను, కానీ చిక్కుముడి లేని కథకు ఆట అన్న మాట బరువైపోతుంది.

నాలుగోదారి
దృశ్య నవలలు కూడా చేర్చాలా? బొమ్మలు, పాటలు ఉన్నా వాటిలో ఎక్కువ సమయం చదవడమే.

అక్షరగణితం
చేర్చవచ్చు. చదువు కథను మోస్తోందా, బొమ్మ మోస్తోందా అన్నది చూస్తాను నేను. దాని మీద వేరే రోజు పోట్లాడుకుందాం. నాకు అంతకంటే కష్టంగా ఉన్నది కృత్రిమ మేధతో నడిచేవి. 2019లో వచ్చిన ఎ.ఐ. డంజన్‌లో ఏది టైపు చేసినా కథ సాగుతుంది. పాతదీపం గారి ఖాళీ గీత అక్కడ పరిపూర్ణంగా ఉంది. మరి అది అసలైన ఇంటరాక్టివ్ ఫిక్షనా?

పాతదీపం
కాదు. ఆడి చూశాను. దీపాన్ని పెట్టెలో పెట్టి పెట్టె నదిలో పడేశాను. పది వాక్యాల తర్వాత దీపం నా చేతిలో వెలుగుతోంది. అక్కడ ప్రపంచం లేదు, మాటలు పుడుతూ పోతున్నాయి, అంతే. నేను చేసిన పని నిలబడకపోతే నేను చేసినట్టే కాదు.

తాళంచెవి
పాతదీపం గారూ, ఇప్పుడు మీరే చెప్పారు. టైపు చేసే వీలు పూర్తిగా ఉన్నా మీరు ఒప్పుకోలేదు. కాబట్టి మీకు కావలసింది టైపు కాదు. చేసిన పనిని గుర్తుపెట్టుకునే ప్రపంచం.

పాతదీపం
కాసేపు ఆలోచించి రాస్తాను.

పుటలమధ్య
తాళంచెవి గారి మాట బాగానే ఉంది కానీ నేను ఒప్పుకోను. గుర్తుపెట్టుకోవడమే కొలబద్ద అయితే 1979 నాటి పుట తిప్పే పుస్తకాలు బయటికి పోతాయి. కాగితం దేన్నీ గుర్తుపెట్టుకోదు. 1982 నుంచి వచ్చిన, పాచికలు వేస్తూ చదివే పుస్తకాల్లో సంచిలో ఏమున్నదో పాఠకుడే పెన్సిల్‌తో రాసుకోవాలి. జ్ఞాపకం పాఠకుడిది. అయినా చిన్నప్పుడు ఆ పుటల మధ్య వేలు పెట్టుకుని, చచ్చిపోతే వెనక్కి రావచ్చని చదివిన నాకు, అది నేను నడిపిన కథే.

తాళంచెవి
వేలు పెట్టుకోవడం అందరం చేశాం. ఐదు వేళ్ళూ ఐదు పుటల్లో.

అక్షరగణితం
ఒక పాత ముచ్చట. 1995లో మొదలైన ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీలో మొదటి ఏడాది రెండు విభాగాలు పెట్టారు: ఇన్ఫామ్‌తో చేసినవి ఒకటి, టాడ్స్‌తో చేసినవి ఇంకొకటి. రెండూ టైపు చేసే ఆటలు తయారుచేసే సాధనాలే. మరుసటి ఏడాదికే ఆ గోడ తీసేశారు. ఈ రోజు ఆడేవాళ్ళలో ఎవరికైనా ఆ తేడా కనబడుతుందా? అప్పట్లో మాత్రం అది విభాగం పెట్టేంత పెద్ద సంగతి.

చెవితోచదువు
ఇంటరాక్టివ్ ఫిక్షన్ రచనలన్నిటికీ 2007 నుంచి ఉన్న ఆన్‌లైన్ జాబితా ఐఎఫ్‌డీబీలో ఆడినవాళ్ళే గుర్తులు (ట్యాగులు) తగిలించవచ్చు. ఒకే ఆటకు పది గుర్తులు ఉన్నా ఏదీ ఇంకొకదాన్ని కొట్టేయదు. నేను వెతుక్కునేది అలాగే. గూడు ఒకటి చూపి ఇందులో ఉండు అంటే గొడవ, గుర్తులు తగిలిస్తే సాయం.

మూడోమలుపు
అందరూ ఇంత రాస్తారనుకోలేదు. తాళంచెవి గారి మాట చదివాక నా కథలోకి మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టాను. కూతురు ఉంచుకున్నవి, వదిలినవి కలిపి 14 వస్తువులను కథ గుర్తుపెట్టుకుంటుంది. చేతిగడియారం వదిలేస్తే తర్వాతి గదిలో నిశ్శబ్దం గురించిన వాక్యం వస్తుంది. ఉంచుకుంటే టిక్కు టిక్కు వినబడుతుంది. దీన్ని ప్రపంచం అనవచ్చని నాకు ఇంతవరకు తట్టలేదు. ఇప్పుడు కథ పరిచయాన్ని ఇలా మార్చాను: "నడిపే కథ. ఇంటరాక్టివ్ ఫిక్షన్. లింకులతో సాగుతుంది, టైపు చేయనక్కర్లేదు, చిక్కుముళ్ళు లేవు, బొమ్మలు లేవు. చివరి భాగం అక్షరాలు మెల్లగా వస్తాయి, ఆపుకోవచ్చు."

చెవితోచదువు
ఈ రాత్రి వింటాను.

విభక్తి
"చిక్కుముళ్ళు లేవు" అని ముందే చెప్పడం మంచిది. నాలాంటివాడు మొదటి గదిలో తాళం కోసం వెతుకుతూ కూర్చోకుండా ఉంటాడు.

పాతదీపం
కథ మొత్తం రెండుసార్లు చదివాను. మొదటిసారి అన్నీ వదిలేశాను, రెండోసారి అన్నీ ఉంచుకున్నాను. వంటగదిలో ఆయన చేతిరాతతో ఉన్న చీటీలను వదిలేయమని నేనే నొక్కాను, ఎవరూ చెప్పలేదు. నొక్కాక వెనక్కి రావాలనిపించింది, దారి లేదు. టైపు చేసి ఉంటే ఇంకా బరువుగా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను. "చీటీలు పారేయి" అని ఒక్కో అక్షరం కొట్టాల్సి వస్తే చేయి ఆగేది. కానీ మీరు పెట్టిన పేరు మీద నాకు ఇక పేచీ లేదు.

ఒక తప్పు దొరికింది. ముందు గదిలో గొడుగు వదిలేశాను. చివర్లో ఆమె వీధిలోకి వచ్చేసరికి వాన పడుతోంది, చేతిలో అదే గొడుగు ఉంది.

తాళంచెవి
ప్రపంచం లేని కథలో ఆ తప్పు దొరకదు కదా, పాతదీపం గారూ.

పాతదీపం
అందుకే చెప్పాను.

మూడోమలుపు
అయ్యో, ఆ ఒక్క చోట గొడుగు వదిలారో లేదో చూడమని రాయడం మరిచాను. సరిచేశాను. ఇప్పుడు ఆమె తడుస్తుంది.